రుక్మాబాయి చేతి మీది దస్కతు

బోధన్ బస్టాండు ఎదురుగా నా టైలరింగ్ షాపు. రోడ్డుకు అవతల రుక్మాబాయి చెరుకు రసం బండి. ఆమె తిప్పే చక్రానికి గజ్జెలు కట్టి ఉంటాయి కాబట్టి, తలెత్తి చూడకపోయినా ఆమె అడ్డాలో ఉన్నదీ లేనిదీ నాకు తెలిసిపోతుంది. ఆ గజ్జెలు మోగని రోజు నాకు కుట్టు సాగదు. ప్రేమ అనుకోండి, అలవాటు అనుకోండి.

ఆమె చేతుల సంగతి చెప్పేవాళ్ళు ఇప్పుడు మా ఊళ్ళో చాలామంది తయారయ్యారు. ఒకరు ఎవరో మందు పెట్టారంటారు, ఇంకొకరు అమ్మవారు కరుణించి పోయిందంటారు, మూడో ఆయన తానే నయం చేయించానని మీసం దువ్వుతాడు. వినీ వినీ నాకు ఒళ్ళు మండింది. మొదటి నుంచి చివరి దాకా పక్కన ఉన్నది నేను. నా పేరు అఖిల. జరిగింది జరిగినట్టు చెబుతాను, నచ్చనివాళ్ళు బట్టలు వేరే చోట కుట్టించుకోవచ్చు.

రుక్మాబాయి పెనిమిటి రామ్‌దాస్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన ఇంటి ముందు కూర్చుని, సైరన్ వేళ కాగానే డ్యూటీకి పోవాలని లేచి నిలబడేవాడట. మోగని సైరనుకు లేచి లేచి అలసిపోయాడేమో, ఒక పొద్దున గుండె ఆగి పోయాడు. కొడుకు సాయిరాం అప్పటికి లారీ మీద క్లీనరు. అయినవాళ్ళు వచ్చి, ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టుకో, ఆడదానికి అదే పరువు అన్నారు. "చెరుకు ఊర్ల పుట్టిన. చెరుకే పిండుకుంట" అన్నది రుక్మాబాయి. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అంటారు కదా, ఆ ఉలిపికట్టె ఈమెనే.

దెగ్లూరు వైపు ఎవరో తీసేసిన పాత రసం మిషనును బండితో సహా తెచ్చింది. బస్టాండు ముందు పెట్టిన మొదటి రోజే ఆటోవాళ్ళు, "ఇది ఆడోళ్ళ అడ్డా కాదక్కా, జర అటు జరుగు" అన్నారు. ఆమె నాలుగు ఇటుకలు తెచ్చి చక్రాలకు అడ్డం పెట్టింది. "బండి జరగదు. మీరే జరగుండ్రి" అన్నది. వాళ్ళే జరిగారు. అప్పటి నుంచి మాకు ఎండాకాలం అంటే రుక్మాబాయి రసం. నాందేడ్ నుంచి వచ్చేవాళ్ళను మరాఠీలో పిలుస్తుంది, నిజామాబాద్ నుంచి వచ్చేవాళ్ళను తెలుగులో, ఎవరైనా బేరమాడితే రెండు భాషల్లోనూ తిడుతుంది.

ఆమె రసానికి పేరు రావడానికి కారణం నిమ్మకాయ. మిగతా బండ్లవాళ్ళు నిమ్మకాయను, అల్లం ముక్కను చెరుకు మడతలో పెట్టి మిషనులోకి తోసేస్తారు. రుక్మాబాయి అల్లం ఒక్కటే తోస్తుంది. "నిమ్మతొక్క నలిగితే రసం చేదైతది. గది తెల్వనోడు చెరుకు ముట్టొద్దు" అంటుంది. గ్లాసు నిండాక, సగం నిమ్మచెక్కను దాని మీద పట్టుకుని, తాగేవాళ్ళ కళ్ళ ముందే గుప్పిట్లో పిండుతుంది. రసం వేళ్ళ సందుల్లోంచి గ్లాసులోకి కొంత, ముంజేతి మీదుగా మోచేతి దాకా కొంత కారుతుంది. చెంగుతో తుడుచుకుని ఇంకో గ్లాసు అందుకుంటుంది. తెచ్చుకున్న నీళ్ళు గ్లాసులు కడగడానికే చాలవు, చేతులకు ఎక్కడివి?

బండి మీద ఇదివరకు కానుగ చెట్టు నీడ ఉండేది. రెండేళ్ళ కింద రోడ్డు వెడల్పు చేసినప్పుడు చెట్టు పోయింది. రుక్మాబాయి పెద్ద గొడుగు ఒకటి కొని, దాన్ని బరఫ్ డబ్బా మీదికి, చెరుకు కట్టల మీదికి వంచి కట్టింది. తన మీదికి మాత్రం రానివ్వలేదు. జర నీ దిక్కు తిప్పుకోరాదా అక్కా అంటే, "బరఫ్ కరిగితే యాపారం కరుగుతది. నేను కరుగుతనా?" అని నవ్వింది.

ఆ ఏడే హోలీ దాటాక ఆమె చేతుల మీద ఎర్రటి చారలు లేచాయి. దురద కన్నా మంట ఎక్కువ. చారల మీద బొబ్బలు పొక్కి, చితికి, ఎండి, నల్లని మచ్చలు మిగిల్చాయి. వాళ్ళ గల్లీలో ఈరవ్వ అని ఒక ముసలామె ఉన్నది. చెయ్యి చూసీ చూడగానే చెంపలు వేసుకుని, "అమ్మ పోసిందే రుక్మా" అన్నది.

అమ్మ పోసిన ఇంట్లో ఏం చేస్తారో మనకు తెలియంది కాదు. గుమ్మానికి వేపమండలు కట్టారు, తాలింపు బంద్ చేశారు, రుక్మాబాయిని కిటికీ లేని లోపలి గదిలో పడుకోబెట్టారు. మంట తగ్గింది, బొబ్బలు అణిగాయి. పసుపు, వేపాకు నీళ్ళు పోసి, తల్లికి చల్ల నైవేద్యం పెట్టి బయటికి తెచ్చారు. బండి మీదికి వచ్చిన వారానికే మళ్ళీ చారలు లేచాయి. "తల్లి మనసు నిండలేదు" అన్నది ఈరవ్వ. మళ్ళీ చీకటి గది, మళ్ళీ నయం. బయటికి వస్తే మళ్ళీ అదే పాట. ఇంట్లో ఉంటే అమ్మ చల్లబడుతుంది, బజారుకు వస్తే కోపగిస్తుంది అని అందరూ తేల్చేశారు. కళ్ళ ముందు ఇంత సాక్ష్యం ఉంటే ఎవరు మాత్రం కాదంటారు? నాకూ అవుననే అనిపించింది.

రుక్మాబాయికి మాత్రం అనిపించలేదు. "నేను కష్టం జేసుకునుడు అమ్మకెందుకు కోపం?" అనేది. గల్లీ డాక్టరు దగ్గరికి పోయింది. వేడి చేసిందని ఆయన సూది వేశాడు. అణిగింది, మళ్ళీ లేచింది. చెరుకు ఆకు నూగు కోసుకుపోతోందని ఒక రైతు చెబితే చెరుకును రెండేసి సార్లు కడిగింది. అయినా లేచింది. వానలు పడి, బండి మూలన పెట్టాక మాత్రం దానంతట అదే పోయింది. మచ్చలు మిగిలాయి. నిమ్మతొక్క నలుపును తీస్తుందని ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. రాగి చెంబును తళతళలాడించేది అదే కదా. పిండేసిన చెక్కలతో రోజూ ఆ మచ్చలు రుద్దుకునేది. ఎండాకాలం మళ్ళీ వచ్చింది, రుద్దుడు ఆపలేదు. ఈసారి చారలు మోచేతులు దాటాయి.

గిరాకీకి దెబ్బ తగిలింది అప్పుడే. ఒక కాలేజీ పిల్ల గ్లాసు అందుకోబోయి, ఆ చెయ్యి చూసి తన చెయ్యి వెనక్కి తీసుకుంది. రుక్మాబాయి ఆ గ్లాసు తానే ఎత్తి, ఆ పిల్ల కళ్ళలోకి చూస్తూ చివరి చుక్క దాకా తాగి, మూతి తుడుచుకుంది. "మంచిగుంది. నీ నసీబుల లేదు" అన్నది. నేను షాపులోంచి చూసి చప్పట్లు కొట్టాను. కానీ సాయంత్రానికి కోయని నిమ్మకాయలు బుట్టలో అట్లాగే ఉన్నాయి.

బండి పక్కనే భోజన్న చాయ్ హోటల్. హోటల్ అంటే రేకుల షెడ్డు, ముందు నీడకు కట్టిన ఒక నీలం పరదా, నాలుగు బెంచీలు. భోజన్న చెడ్డవాడు కాదు, భయస్తుడు. ఇంట్లో పిల్లి ఎదురొచ్చినా వెనక్కి పోయి నీళ్ళు తాగి వచ్చే రకం. ఇలాంటివాళ్ళకు దేవత పేరు దొరికితే చెడ్డవాళ్ళకంటే ఎక్కువ నష్టం చేస్తారని నా లెక్క.

"అక్కా, జర సమజ్ చేస్కో" అన్నాడు ఒకరోజు, బండికి నాలుగడుగుల దూరంలో నిలబడి. "అమ్మ ఒంటి మీదున్న మనిషి నలుగుట్ల తిరుగొద్దు. ఈ ఎండాకాలం ఇంట్ల కూసో. వానలు పడ్డంక రా."

"వానలు పడ్డంక చెరుకు రసం ఎవడు తాగుతడు భోజన్న? అప్పుడు అందరు నీ చాయే తాగుతరు" అన్నది రుక్మాబాయి.

అది అసలు మాట. ఎండాకాలం బండి తీస్తే ఏడాది పొయ్యి వెలగదు. ఒకసారి తీసిన బండిని మళ్ళీ ఆ అడ్డాలో పెట్టనిచ్చేవాళ్ళు కూడా ఎవరూ లేరు. ఆ జాగా మీద ఎందరి కళ్ళు ఉన్నాయో నా గుమ్మంలోంచి నాకు బాగానే కనబడుతుంది.

ఇంతలో చిన్నపిల్ల సంగతి వచ్చి పడింది.

సాయిరాం ఇప్పుడు లారీ డ్రైవరు, వారంలో సగం రోజులు ఊళ్ళో ఉండడు. కోడలు అంకిత బట్టల దుకాణంలో పనిచేస్తుంది. వాళ్ళ బిడ్డ దీక్షితను బడి ఆటో మధ్యాహ్నం బస్టాండు దగ్గర దింపుతుంది. ఆ పిల్ల ఉరికి వచ్చి "అవ్వా" అంటే చాలు, రుక్మాబాయి పని మధ్యలో వదిలేసి రెండు బుగ్గలూ ఒక చేత్తో పట్టుకుని గుంజుతుంది. తర్వాత ఆ పిల్ల తల్లి వచ్చేదాకా బండి ముందు ఎండలోనే ఆడుకుంటుంది. ఒక పొద్దున లేచేసరికి పిల్ల బుగ్గల మీద ఎర్రని వాతలు. అచ్చం వేళ్ళు పడ్డట్టు ఉన్నాయి. టీచరు కొట్టిందనుకుని అంకిత బడికి పోయి పెద్ద లొల్లి చేసింది. ముట్టుకోనే లేదని ఆ టీచరు తన పిల్లల మీద ఒట్టు పెట్టింది. నాలుగు రోజులకు వాతలు నల్లబడ్డాయి. ఆ నలుపు ఎక్కడ చూసిందో అంకితకు గుర్తొచ్చింది.

బండి దగ్గరికి వచ్చి, గొంతు పైకి ఎత్తకుండానే చెప్పింది. "అత్తమ్మా, నీది పిల్లకంటింది. ఇగ ఈ దిక్కు తోలియ్య. నువ్వు గూడ రాకు."

రుక్మాబాయి చక్రం మీద పెట్టిన చెయ్యి తీసేసి పక్కన నిలబడింది. ఆ పూట గజ్జెలు మళ్ళీ మోగలేదు. ఆటోవాళ్ళకు, గల్లీకి, కాలేజీ పిల్లకు ఎదురు చెప్పిన మనిషి కోడలికి ఒక్క మాట ఎదురు చెప్పలేకపోయింది.

మర్నాడు భోజన్న అడ్డాలో ఉన్న నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. పసిపిల్లకే అంటిందంటే ఇక ఊరుకునేది లేదన్నారు. సోమవారం లోపల బండి తీయాలన్నారు. పోచమ్మకు బోనం చేస్తే తలా ఇంత వేసుకుంటామని కూడా అన్నారు, అదేదో పెద్ద ఉపకారం అయినట్టు.

రుక్మాబాయి కళ్ళు ఉబ్బి ఉన్నాయి, కానీ గొంతు గట్టిగానే ఉంది. "పోచమ్మకు నేను ఏటా బోనమెత్తుతున్న. నన్ను ఎరుగని తల్లి కాదు. నా బండి తీయించేటందుకు ఆమె పేరు ఎందుకు తీస్తరు? ఇదేందో నేను నిజామాబాద్ పెద్ద దవాఖానల అడుగుత. అమ్మనే అని తేలితే బండి నేనే తీస్త, మీరు చెప్పేది లేదు. కాదని తేలితే మీ నోర్లు బంద్ వెట్టుకోవాలె."

సరేనన్నారు. అమ్మవారే అని వాళ్ళకు అంత నమ్మకం.

నేను షాపు మూసి ఆమె వెంట బయలుదేరాను. పిల్లను తీసుకుని అంకిత కూడా వచ్చింది. పిల్లను ముట్టుకోనని అత్త మాట ఇచ్చాకే వచ్చింది. బస్సులో అత్త ఒక మూల, కోడలు, పిల్ల ఒక మూల. ఎడపల్లి దాటేదాకా ఆ పిల్ల "అవ్వ దగ్గరికి పోత" అని ఏడుస్తూనే ఉన్నది. రుక్మాబాయి చేతులు రెండూ కొంగు కింద దాచుకుని, కిటికీలోంచి వరిమళ్ళు చూస్తూ కూర్చుంది. ఆ మళ్ళలో చూడటానికి ఏమీ లేదు, అన్నీ కోసేసి ఉన్నాయి. నాకు ఏడుపు ఆగలేదు.

సర్కారు దవాఖానలో చర్మం డాక్టరు పేరు శ్రీవాణి. చిన్న వయసే. లైను గుమ్మం దాటి బయటికి ఉన్నది కాబట్టి మాటలు టకటకా వస్తున్నాయి. చేతులు తిప్పి చూసింది. ఎండకు పోతే వస్తుందా అని అడిగింది. "ఎండల నిలబడే బతుకే కదా మేడం" అన్నది రుక్మాబాయి. వానాకాలం ఉండదని, చీకటి గదిలో ఉంటే తగ్గుతుందని చెప్పింది. మచ్చల మీద దూదితో తాకుతూ తెలుస్తోందా అని అడిగింది డాక్టరు. తెలుస్తోంది. "కుష్టు కాదు" అన్నది. ఆ భయం మా అందరి మనసుల్లో ఉన్నా నోరు తెరిచి అన్నవాళ్ళు లేరు. కీళ్ళ నొప్పులు ఉన్నాయా, జుట్టు ఊడుతోందా, నోట్లో పుండ్లు పడతాయా అని అడిగింది. అన్నిటికీ లేదనే జవాబు. ఎండ సరిపడనివాళ్ళకు అవన్నీ కూడా రావచ్చట, అందుకని రక్తపరీక్ష రాసింది. రాస్తూ రాస్తూ ఆగిపోయింది.

"మీ ముఖం మీద ఏమీ లేదేంటమ్మా?"

మాకు అర్థం కాలేదు.

"చేతుల మీద పడిన ఎండే కదా ముఖం మీద పడింది? మెడ మీద పడింది? మీ ఒంటికి ఎండ ఒక్కటే సరిపడకపోతే ముందు అక్కడ రావాలి. అక్కడ ఏమీ లేదు."

రెండేళ్ళలో మేం ఇంతమందిమి ఆ చేతులనే చూశాం. ముఖం ఎవ్వరమూ చూడలేదు. డాక్టరు కుర్చీలోంచి లేచి ఆమె పాదాలు చూసింది. కుడిపాదం మీద నల్లని చుక్కలు ఉన్నాయి, నాకే తెలియదు. "పైన చారలు, కింద చుక్కలు. ఏదో కారి కింద పడినట్టు ఉంది" అని తనలో తాను అనుకుంది. తర్వాత దీక్షితను బల్ల మీద కూర్చోబెట్టి బుగ్గలు చూసింది. తన వేళ్ళు ఆ మచ్చల మీద ఆనించి చూసి, రుక్మాబాయి వైపు తిరిగింది. "మీ చెయ్యి ఇక్కడ పెట్టండి."

"పెట్ట. పిల్లకంటుతది."

"ఏదీ అంటదు. పెట్టండి."

రుక్మాబాయి కోడలి వైపు చూసింది. అంకిత తల ఊపింది. చెయ్యి చాచి, రోజూ పట్టుకున్నట్టే పిల్ల బుగ్గలు పట్టుకుంది. ఇటు బొటనవేలు, అటు నాలుగు వేళ్ళు. ప్రతి వేలూ సరిగ్గా మచ్చ మీదే కూర్చుంది. పిల్ల మాత్రం కిలకిలా నవ్వింది.

"అంటురోగం వేలి ముద్రల లెక్కన అంటుకోదమ్మా" అన్నది డాక్టరు. "మీ వేళ్ళకు ఉన్నదేదో పిల్లకు పూసుకుంది. ఏముంటుంది మీ చేతికి?"

"ఏముంటది మేడం. చెరుకు రసం. నిమ్మకాయ."

డాక్టరు పెన్ను కింద పెట్టేసింది. "నిమ్మకాయ చేత్తో పిండుతారా? ఎండలో నిలబడి?"

నాకు అప్పుడు గుర్తొచ్చింది. "మేడం, కానుగ చెట్టున్నప్పుడు ఇది లేకుండె. నిమ్మకాయ అప్పుడు గూడ గిట్లనే పిండేది" అన్నాను. డాక్టరు ముఖం వెలిగిపోయింది. అంత పొడుగు లైనునూ మరిచిపోయి మాకు విడమరిచి చెప్పింది. నిమ్మరసం ఒక్కటే పడితే చర్మానికి ఏమీ కాదు. ఈమెకు ఎండ ఒక్కటే తగిలినా ఏమీ కాదు. రసం ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే ఆ మేర కాలుతుంది. కాలినట్టు అప్పుడే తెలియదు, ఒకటి రెండు రోజులకు లేస్తుంది, అందుకే ఏది ఏం చేసిందో మనిషికి అంతుపట్టదు. చీకటి గదిలో ఎండా లేదు, నిమ్మకాయా లేదు, కాబట్టి తగ్గింది. ఇక నుంచి చేత్తో పిండొద్దని, రసం పడిన వెంటనే సబ్బుతో కడుక్కోవాలని, నీడలో నిలబడాలని చెప్పింది. మచ్చలు నెమ్మదిగా వాటంతట అవే పోతాయన్నది.

"మచ్చలు పోవాలని రోజు నిమ్మతొక్క రుద్దుతున్న మేడం" అన్నది రుక్మాబాయి మెల్లగా. డాక్టరు నెత్తి పట్టుకుంది.

బయటికి వచ్చాక రుక్మాబాయి ముందు నవ్వింది, తర్వాత తనను తాను తిట్టుకుంది, తర్వాత ఈరవ్వ నుంచి భోజన్న దాకా ఒక్కరినీ వదలకుండా తిట్టింది. నల్లా దగ్గరికి పోయి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, ఆరబెట్టుకుని, పిల్ల కోసం చేతులు చాచింది. అంకిత ఇచ్చింది. తిరుగు బస్సులో ఎడపల్లి ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు పోయిందో మాకు తెలియలేదు. తర్వాత వచ్చిన రక్తపరీక్షలోనూ ఏ తేడా లేదు.

అంతటితో అయిపోతే బాగుండేది. సోమవారం భోజన్న తన నలుగురితో వచ్చాడు. రుక్మాబాయి దవాఖాన చీటీ చూపింది. భోజన్న దాన్ని ముట్టుకోలేదు.

"డాక్టర్లు రాస్తనే ఉంటరక్కా. నిమ్మకాయ ఎవరు పిండరు? నా పెండ్లాం రోజు పప్పుల పిండుతది. ఆమెకేం కాలే."

"నీ పెండ్లాం వంటింట్ల పిండుతది. ఎండల కాదు."

"అట్లయితే నీ రసం తాగినోళ్ళ కడుపు గూడ కాలుతదేమో?" అని వెనక నుంచి ఒకడు అన్నాడు.

"నీ కడుపుల ఎండ కొడ్తదార?" అన్నది రుక్మాబాయి. నవ్వనివాళ్ళు లేరు. భోజన్న ఒక్కడే నవ్వలేదు. అమ్మవారిని కాదంటే ఏమవుతుందోనని అతని భయం అతనిది. బండి తీయాల్సిందే అన్నాడు.

రుక్మాబాయి ఒక నిమ్మకాయ కోసింది. రెండు జబ్బల కింద, మచ్చలు లేని చోట, చర్మం చూపించింది. "నీ వేలు ఈ రసంల ముంచు. నా రెండు చేతుల మీద ఒక్కటే తీరుగ ఏమన్న గియ్యి. నీ ఇష్టం. ఎడమ చెయ్యి నీడల ఉంచి సబ్బుతోని కడుగుత. కుడి చెయ్యి ఎండల వెడ్త. రెండు దినాలు ఆగి సూడు."

నేను రోడ్డు దాటి ఉరికి వచ్చాను. "వద్దక్కా! డాక్టరు చెప్పింది మరిచినవా? కావాలని కాల్చుకుంటవా?"

"రెండేండ్లు ఊకె కాలింది బిడ్డా. ఒక్కపారి పనికొచ్చేటట్టు కాలనియ్యి" అన్నది. ఆ ముఖం చూశాక ఆపే దమ్ము నాకు లేకపోయింది. మొండోడు రాజుకంటే బలవంతుడు, మరి మొండిది?

భోజన్న భయం భయంగా వేలు ముంచాడు. ఏం గీయాలో తోచక, హోటల్ గ్లాసుల మీద పెయింటుతో రాసుకున్నట్టే, రెండు చేతుల మీదా తన పేరులోని మొదటి అక్షరం రాశాడు. భో. రుక్మాబాయి నా షాపులోకి వచ్చి ఎడమ చెయ్యి సబ్బుతో రుద్ది కడుక్కుంది. కుడి చెయ్యి మీద తడిగుడ్డ కూడా పడనివ్వకుండా పోయి, బండి మీద చాచి పెట్టి ఎండలో కూర్చుంది. నిజామాబాద్ బస్సు నిండి పోయింది, ఇంకోటి వచ్చి నిండింది, అదీ పోయింది. ఆమె లేవలేదు.

మర్నాడు చెయ్యి మీద ఏమీ లేదు. భోజన్న బెంచీ మీది నుంచే, "ఏదక్కా, నిమ్మకాయ లేవలేదా?" అన్నాడు. బండి తీసే ఆటోను కూడా మాట్లాడాడని తెలిసింది. "రేపు గూడ ఉన్నది కద, ఆగు" అన్నది రుక్మాబాయి. ఆమె చక్రం తిప్పుతూనే ఉన్నది, నేను మాత్రం ఒక జాకెట్టుకు రెండు చేతులూ తారుమారు చేసి కుట్టాను.

ఆ మర్నాడు పొద్దున నేను షాపు తాళం తీస్తుండగానే ఆమె వచ్చింది. బండి దగ్గరికి పోలేదు, నా దగ్గరికి రాలేదు, నేరుగా భోజన్న హోటల్లోకి పోయింది. నేనూ వెనకే ఉరికాను. చాయ్ తాగేవాళ్ళ మధ్యలోంచి పోయి, గ్లాసులు పక్కకు నెట్టి, బల్ల మీద రెండు చేతులూ పెట్టింది. ఎడమ చెయ్యి నున్నగా ఉంది. కుడి చెయ్యి మీద ఎర్రగా, ఉబ్బి, ఒత్తుతో సహా స్పష్టంగా అక్షరం లేచి ఉంది.

"సదువు" అన్నది.

భోజన్న ఆ చేతి మీదికి వంగాడు.

"సదువు భోజన్న. నీదే."

"...భో."

"అమ్మ పోసిందా? పోచమ్మ నీ పేరెందుకు రాస్తది నా చెయ్యి మీద?"

హోటల్ మొత్తం ఒక్కసారి గొల్లుమంది. భోజన్న ఆ అక్షరం మీది నుంచి కళ్ళు తీయలేదు. "మంటగున్నదా అక్కా?" అన్నాడు.

"ఉన్నది."

"తప్పయింది."

"తప్పు సంగతి పక్కకు వెట్టు. నీ పరదా జర ఇటు గుంజు. నా చేతుల మీద నీడ పడాలె."

భోజన్న స్టూలు ఎక్కి నీలం పరదా విప్పి, దానికి ఇంకో తాడు కలిపి, రుక్మాబాయి బండి దాటేదాకా లాగి స్తంభానికి కట్టాడు. దిగివచ్చి మొదటి గ్లాసు తానే అడిగాడు. ఆమె కొత్తగా కొన్న కట్టెతో చేసిన పిండేదానితో నిమ్మకాయ పిండింది. అందరూ చూస్తుండగా అతను తాగాడు. మధ్యాహ్నం బడి ఆటో ఆగింది, దీక్షిత దూకి ఉరికింది, "ఆగు ఆగు" అని రుక్మాబాయి సబ్బు కోసం వెతుక్కుంది. ఆ అక్షరం సంగతి చెప్పినప్పుడు డాక్టరు శ్రీవాణి మమ్మల్ని ఎంత తిట్టిందో ఇక్కడ రాయను. తిట్టాల్సిందే.

మచ్చలన్నీ ఒక్కొక్కటే పోతున్నాయి. ఎర్రగా లేచిన భో మాత్రం నల్లబడి, వానలు పడ్డా పోలేదు. ఆషాఢంలో రుక్మాబాయి బోనమెత్తింది. కుడి చెయ్యి పైకెత్తి కుండ పట్టుకుని పోచమ్మ గుడికి నడుస్తుంటే, ఆ అక్షరం నల్లగా, నిండుగా, ఊరందరికీ కనబడింది. దాచుకోవడానికి మోచేతి దాకా వచ్చే జాకెట్టు వేసుకొమ్మని ఈరవ్వ అంటే వినలేదు. పక్కన నడుస్తున్న కొత్త కోడలెవరో, "పచ్చబొట్టా అత్తా?" అని అడిగింది.

"కాదు బిడ్డా. భోజన్న దస్కతు" అన్నది రుక్మాబాయి. "ఆ అడ్డా నాదేనని పెట్టిండు."